బరువు దిగేదాకా

పోయిన వారం భూపాల్‌ను కరీంనగర్‌లోని ఒక స్కానింగ్ సెంటరులో, గది గడప మీద నిలబెట్టి వదిలేశాను. ఒక కాలు లోపల, ఒక కాలు బయట. వారం రోజులుగా మనిషి అట్లాగే నిలబడి ఉన్నాడు. ఈపాటికి పిక్కలు పట్టేసి నన్ను తిట్టుకుంటూ ఉంటాడు. లోపలికి పంపించేస్తాను గానీ, ముందు కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు మాటలు.

భూపాల్ గోదావరిఖనిలో టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టే పని. కుడిచేతిలో కర్రతో కప్పును తడతాడు, ఎడమ అరచెయ్యి కప్పుకు ఆనిస్తాడు. ఆ చేతికి వచ్చే అదురును బట్టి లోపల గట్టిగా ఉందో, డొల్లగా ఉందో చెప్తాడు. అతను సరే అన్నాకే మిగతావాళ్లు ఆ కప్పు కిందికి వెళ్తారు. వెళ్లేవారు అనాలిప్పుడు. ఆగస్టులో దుంగ చివర చెక్కుతుంటే గొడ్డలి జారి ఆ ఎడమచేతి నడిమివేలు మొదట్లోనే దిగింది. వేలిని ముడిచే తాడులాంటిది ఒకటి ఉంటుంది, డాక్టర్లు టెండన్ అంటారు, అది తెగింది. ఆపరేషన్ చేసి కుట్టారు. మూడు నెలలైంది. వేలు సగం వంగి అట్లాగే ఉండిపోయింది. ముడుచుకోదు, చాచుకోదు.

కుట్టిన టెండన్ లోపల మళ్లీ తెగిందా, లేక చుట్టూ ఉన్న కండకు అతుక్కుపోయిందా? చేత్తో పట్టి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయట. అందుకే స్కానింగ్ రాశాడు ఆపరేషన్ చేసిన డాక్టరు. అతుక్కుని ఉంటే ఆశ ఉంది. తెగి ఉంటే, సోమవారం మెడికల్ బోర్డు ముందు కూర్చున్నాక భూపాల్‌ను గని పైకి ఏ స్టోరు గదికో పంపిస్తారు. మళ్లీ కప్పుకు చెయ్యి ఆనించేది ఉండదు.

ఇదంతా భూపాల్‌కు తెలిసిందే. తెలియంది ఒక్కటే. ఆ గదిలో మిషను ముందు కూర్చున్న డాక్టరమ్మ శాలిని. తనకు టింబర్ పని నేర్పిన సామ్యేల్ కూతురు. ఆ మొహాన్ని దగ్గర నుంచి చూసి పధ్నాలుగేళ్లు.

ఇక రండి. రెండో కాలు కూడా లోపల పెట్టాడు.

గది చల్లగా, చీకటిగా ఉంది. గనిలో ఉండే సొంత చీకటి కాదు, పరదాలు కట్టి తయారుచేసిన చీకటి. శాలిని తల ఎత్తలేదు. ఫైలు మీద పేరు ముందే చదివి ఉంటుంది, అందుకే ఎత్తలేదని నా అనుమానం. భూపాల్ నమస్తే మేడం అన్నాడు. ఆమె కూర్చోండి అంది. ఒకే కాలనీలో పక్కపక్క క్వార్టర్లలో పెరిగిన ఇద్దరు మనుషులు ఇంత మర్యాద చేసుకుంటుంటే మిషను కూడా సిగ్గుపడి కాసేపు ఆన్ కాలేదు.

బయట బెంచీ మీద గట్టయ్య గొంతు వినిపిస్తోంది. గట్టయ్య రిటైరైన పాత కార్మికుడు, భూపాల్ పక్కింటాయన. ఒంటిచేత్తో బస్సు కమ్మీ పట్టుకోలేడని భూపాల్‌కు తోడు వచ్చాడు. పెద్దపల్లి దాటేసరికే బస్సులో సగం మంది ఆయనకు చుట్టాలయ్యారు. ఇప్పుడు వరసలో కూర్చున్న కడుపుతో ఉన్న ఆడవాళ్లకు కథ చెప్తున్నాడు. తమ కాలంలో ఈ మిషన్లు ఎక్కడివట, కప్పుకు చెవి ఆనిస్తే పైన పొలంలో ఎవరి ఎద్దు నడుస్తుందో, దానికి ఏ కొమ్ము విరిగిందో చెప్పేవాడట. ఒకసారి అట్లా చెవి పెడితే మంథనిలో ఎవరో మొగుడు పప్పులో ఉప్పు తక్కువైందని గొణుగుతున్నది వినపడిందట. షిఫ్టు దిగి, బస్సెక్కి పోయి కనుక్కుంటే నిజంగానే తక్కువైందట.

లోపల శాలిని చేతులకు గ్లౌజులు తొడుక్కుంది. భూపాల్ ఎడమచేతిని తువ్వాలు మీద పెట్టింది. చల్లటి జెల్లు రాసింది. అరచేతిలో, కుట్టు మచ్చ మీద, మిషను తీగకు వేలాడే సబ్బుబిళ్లంత ప్రోబ్ ఆనించింది.

ఏం జరుగుతుందో రోగికి చెప్పడం ఆమె అలవాటు, చెప్పింది. ఇది ఎక్స్‌రే కాదు, ఇందులోంచి శబ్దం లోపలికి పోతుంది, మన చెవులకు వినపడని శబ్దం, ఎక్కడ తగిలితే అక్కడ నుంచి తిరిగి వస్తుంది, ఆ వచ్చినదాన్ని బట్టి బొమ్మ.

"కప్పును తట్టినట్టు," అన్నాడు భూపాల్.

ప్రోబ్ పట్టుకున్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆమె స్క్రీను వైపే చూస్తోంది. భూపాల్ కూడా అటే చూశాడు. బూడిదరంగు పొరలు, ఒకదాని కింద ఒకటి. మధ్యలో సన్నటి తెల్లటి చారల కట్ట ఒకటి అడ్డంగా వస్తోంది, నార తాడు పేనినట్టు. వచ్చి వచ్చి, మచ్చ కిందికి రాగానే ఆగిపోయింది. అక్కడ నల్లగా ఉంది. అవతల మళ్లీ తాడు.

భూపాల్ చదివింది ఏడో తరగతి. అయినా పొరల మధ్య నల్లటి ఖాళీ అంటే ఏమిటో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. గనిలో పధ్నాలుగేళ్లుగా అటువంటి ఖాళీల కిందే నిలబడ్డాడు. తన ఎడమచెయ్యి కప్పును చివరిసారి ఎప్పుడు ముట్టుకుందో గుర్తు చేసుకున్నాడు. తడిగా, నున్నగా, లోపల ఎక్కడో చిన్నగా పలికిన కప్పు. అది చివరిసారి అని తెలిసి ఉంటే ఇంకాసేపు ఉంచేవాడు.

శాలిని పోల్చి చూడాలి, కుడిచెయ్యి ఇవ్వండి అంది.

కుడిచెయ్యి తిప్పి పెట్టాడు. ఆమె జెల్లు సీసా చేతిలోకి తీసుకుని, ఆ అరచేతిని చూసి, సీసా అట్లాగే పట్టుకుని ఉండిపోయింది.

ఎందుకుండిపోయిందో చెప్పాలంటే పధ్నాలుగేళ్లు వెనక్కి పోవాలి. భయపడకండి, జల్ది తీసుకొస్తాను.

భూపాల్ అప్పుడు కొత్తగా పనిలో చేరిన కుర్రవాడు. శాలిని మెడిసిన్ ఎంట్రన్స్‌కు చదువుతోంది. ఒకరోజు ఫస్ట్ షిఫ్టు దిగి సామ్యేల్ కోసం వాళ్ల క్వార్టరుకు వెళ్లాడు. సామ్యేల్ ఇంకా రాలేదు. భూపాల్ కుడిచేతి బొటనవేలు మొదట్లో సన్నటి బొగ్గు పెచ్చు గుచ్చుకుని ఉంది. అది చూసి ఆమె పిన్నీసు అగ్గిపుల్ల మీద కాల్చి, అరుగు మీద కూర్చోబెట్టి, చెయ్యి ఒళ్లో పెట్టుకుని తీయడం మొదలుపెట్టింది. సగం తీసేసరికి వీధి మలుపులో సామ్యేల్ సైకిలు బెల్లు. పిన్నీసు కింద పడింది. మిగిలిన సగం లోపలే ఉండిపోయింది. ఇద్దరి మధ్య జరిగిందంతా ఇంతే. ఇంకేదో ఆశించి ఇన్ని వారాలుగా చదువుతున్నవాళ్లు నన్ను క్షమించాలి.

ఆ ఏడే ఆమెకు వరంగల్‌లో సీటు వచ్చింది. వెళ్లేముందు కాలనీ గేటు దగ్గర, ఉత్తరం రాస్తవా అని అడిగింది. రాస్త అన్నాడు. రాయలేదు. ఒక్కటీ రాయలేదు. కానీ ప్రతి క్రిస్మస్ ముందు రోజు బస్టాండులో వరంగల్ బస్సు ఆగే చోటికి ఎదురుగా, పండ్ల బండి వెనక నిలబడేవాడు. ఆమె దిగి, సంచీ సర్దుకుని, ఆటో ఎక్కేదాకా చూసేవాడు. ఎంత సేపు? ఆటో దొరకని ఏడాది అయిదు నిమిషాలు. ఆ ఏడు మంచి ఏడు. తర్వాత తర్వాత ఆమె ఆ బస్సులో రావడం మానేసింది. ఇతను నిలబడటం మానలేదు. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, కప్పు ఇంకా సరిగ లేదని మాట దాటేసేవాడు.

సరే, మళ్లీ గదిలోకి.

బొటనవేలు మొదట్లో చర్మం కింద నీలంగా, ఆవగింజంత మచ్చ. నడిమివేలితో పోల్చాల్సిన డాక్టరమ్మ ప్రోబ్ తీసుకెళ్లి సరిగ్గా ఆ మచ్చ మీద పెట్టింది. ఏ కాగితంలోనూ ఆ చోటు రాసి లేదు. స్క్రీను మీద బూడిద పొరల్లో ఒక చుక్క తెల్లగా మెరిసింది. దాని కింద సన్నటి నీడ.

"ఇది ఇంకా ఉన్నదా," అంది శాలిని. డాక్టరు గొంతు కాదు అది. అరుగు మీది గొంతు.

"ఉన్నది."

"దవాఖానల తియ్యమనకపోయినవా?"

"మొన్న ఆపరేషనప్పుడు తీస్తమన్నరు. నేనే వద్దన్న."

ఎందుకని ఆమె అడగలేదు. స్క్రీను మీది ఆ చుక్కను చాలాసేపు చూసింది. వరసలో ఉన్న ఆడవాళ్లకు గట్టయ్య ఇంకో కథ మొదలుపెట్టి ముగించినంత సేపు చూసింది. తర్వాత కుడిచేతి నడిమివేలు చూసింది, గబగబా, కావలసినంతే. మళ్లీ ఎడమచేతికి వచ్చింది.

అదే మచ్చ, అదే తాడు, అదే నల్లటి ఖాళీ. భూపాల్ మొహం తిప్పుకున్నాడు.

"ఇటు సూడు," అంది. మీరు అనడం ఎప్పుడు మానేసిందో ఆమె గమనించినట్టు లేదు. ప్రోబ్‌ను ఎత్తకుండానే కొంచెం, వెంట్రుకవాసి వాల్చింది. నల్లటి చోట ఒక్కొక్క చారా వచ్చి కూర్చుంది. ఖాళీ పూడిపోయింది. తాడు ఈ చివర నుంచి ఆ చివరకు ఒకటే.

"తెగలే. ప్రోబ్ సూటిగ వెట్టకపోతే ఉన్నది గూడ లేనట్టే కనవడ్తది. నా చెయ్యే సక్కగ లేకుండె."

భూపాల్ ఊపిరి వదిలాడు. మూడు నెలలుగా పట్టి ఉంచిన ఊపిరి కాబోలు, పరదా కదిలిందని నేనంటే మీరు నమ్మరు. నమ్మకపోతే పోయింది, కదిలింది.

తెగలేదు సరే, మరి కదలదెందుకు? ఆమె వేలి కొన పట్టుకుని నెమ్మదిగా వంచింది. మంచి చేతిలో ఇట్లా చేస్తే తాడు ఒరలో కత్తిలా కండ కింద జారుతుంది. ఇక్కడ తాడూ, దాని చుట్టూ ఉన్న కండా కలిసి బురదలో దిగబడ్డట్టు ఒక్క ముద్దగా కదిలాయి. ఇప్పుడు నువ్వు ముడువు అంది. అతను ముడిచాడు. మోచేతి దాకా నరాలు లేచాయి. తెర మీద చారలు ఇంతంటే ఇంత జరిగి ఆగిపోయాయి. అతుక్కుపోయింది.

ఆపరేషన్ తర్వాత కసరత్తు చెప్తారు, చిన్న చిన్నగా రోజూ కదిలించమని బొమ్మలు వేసిన కాగితం కూడా ఇస్తారు, ఇచ్చారా అని అడిగింది. ఇచ్చారన్నాడు. పిలిచిన రోజులకు దవాఖానకు వెళ్లావా అంటే, నడుమ బస్సులోళ్లు సమ్మె చేసిండ్రు, బస్సులు బందైనయి అన్నాడు. సమ్మె నెలన్నా లేదు, మిగతా రెండు నెలలూ ఏం చేశావంది.

భూపాల్ తల దించుకున్నాడు. "కదపలే."

"నొస్తదనా?"

"నొప్పికి భయపడలే. కొత్తగ నిలవెట్టిన దుంగ మీద చెయ్యి వెయ్యొద్దు గదా. బరువు దిగేదాక కదపొద్దు. కుట్టింది గూడ గంతే అనుకున్న. పండుకున్నప్పుడు గూడ కదలకుంట బట్ట సుట్టుకున్న."

శాలిని ప్రోబ్ పక్కన పెట్టింది. కోపం వచ్చిందో, నవ్వు వచ్చిందో, రెండూ కలిసే వచ్చాయో. ఆ మాట ఆమెకు కొత్త కాదు. సామ్యేల్ ఇంట్లో అన్నం ముందు కూర్చుని చెప్పే మాట. కొత్త దుంగ నిలబెట్టగానే కుర్రాళ్లు ఊపి చూస్తారు, ఊపితే దాని తలకు బిగించిన చెక్కలు సడలుతాయి, కప్పు బరువు దిగి అది బిగుసుకునేదాకా దాని జోలికి పోవద్దని సామ్యేల్ పద్ధతి. గనిలో ఆ పద్ధతి ఎంతమందిని బతికించిందో. వేలు మాత్రం దుంగ కాదు, కదపకపోతే బిగుసుకుని పనికిరాకుండా పోతుంది. ఆ సంగతి సామ్యేల్ చెప్పలేదు, భూపాల్ అడగలేదు.

"మా నాయిన మాట అది," అంది. "గింత మంచిగ వింటవా నువ్వు ఆయన మాట?"

భూపాల్ చెయ్యి కింది తువ్వాలు లాక్కున్నాడు.

"ఇంకేం చెప్పిండు నీకు మా నాయిన?"

తువ్వాలుతో జెల్లు తుడుచుకుంటూ, ఉన్న జెల్లు కన్నా ఎక్కువ సేపు తుడుచుకుంటూ, అతను చెప్పాడు. ఆమెకు సీటు వచ్చిన వారం. గనిలో టిఫిన్ వేళ. సామ్యేల్ తన డబ్బాలోంచి కూర తీసి ఇతని డబ్బాలో వేశాడు. నా బిడ్డ గిప్పుడు కొత్త దుంగ, భూపాలూ, అన్నాడు. బరువు దిగనియ్యి, అందాక కదపకు అన్నాడు. అంతే. మతం మాట ఎత్తలేదు, ఎత్తితే భూపాల్‌కు కోపమన్నా వచ్చేది. బెదిరించలేదు. కూర వేసి అడిగాడు. మళ్లీ ఎప్పుడు కదపొచ్చో చెప్తాడని భూపాల్ ఎదురుచూశాడు. ఆమె చదువు అయిపోయింది, పైచదువు అయిపోయింది. సామ్యేల్ రిటైరయ్యాడు. ఆ మాట మాత్రం రాలేదు.

"పధ్నాలుగేండ్లు," అంది శాలిని. "హాస్టల్‌ల పోస్టు ఇచ్చే ఆయనకు నా పేరు చెప్పంగనే లేదమ్మా అనుడు అలవాటైపోయె. నువ్వు మరిచిపోయినవనుకున్న."

"బస్టాండ్ల ఉండేది," అన్నాడు భూపాల్. "పండ్ల బండి ఎన్క."

ఆమె అతని వైపు తిరిగింది. గదిలోకి వచ్చాక మొదటిసారి, పూర్తిగా. అతని జుట్టులో తెలుపు చూసింది. అతను ఆమె కళ్లద్దాలు చూశాడు. ఇంకేం చూసుకున్నారో నేను రాయను. మా సంపాదకులకు అందులో ఆసక్తి ఎక్కువ.

గ్లౌజులు తీసి రిపోర్టు రాయడానికి కూర్చుంది. భూపాల్ చూడకూడదనుకుంటూనే ఆమె వేళ్లు చూశాడు. ఉంగరం లేదు. స్కానింగ్ చేసేవాళ్లు తీసి పక్కన పెట్టుకుంటారేమో, ఎవరికి తెలుసు. టెండన్ తెగలేదు, అతుక్కుని ఉంది అని రాసింది. సోమవారం బోర్డులో ఇది చూపించమంది. కసరత్తు ఈరోజే మొదలుపెట్టాలి, దానికి వేలు లొంగకపోతే చిన్న ఆపరేషన్ చేసి అతుకు విడిపిస్తారు, అది సర్జన్ చెప్తాడంది. రిపోర్టు ఫైల్లో పెట్టబోతే అడుగున మడిచిన నోటుబుక్కు కాగితం ఒకటి తగిలింది.

అది సామ్యేల్ ఇచ్చిందని భూపాల్ చెప్పాడు. ఫలానా సెంటరుకే పొమ్మని పేరు చెప్పి, ఇది అక్కడి డాక్టరుకే ఇయ్యి, నువ్వు మాత్రం చదవకు అన్నాడట.

"సదవలేదా?"

"వద్దన్నడు గద."

శాలిని కళ్లద్దాలు సర్దుకుని కాగితం విప్పింది. పెన్సిలు రాత. సామ్యేల్ దుంగల మీద తారీఖు వేసే లావుపాటి అక్షరాలు. రెండే వరసలు.

"అమ్మా, బరువు దిగి చాన ఏండ్లయింది. ఇగ కదిపినా పడదు. చెప్పుడు నేనే మరిచిన."

ఆమె అది రెండుసార్లు చదివింది. ఏం రాసిండు అని భూపాల్ అడిగాడు. ఆమె కాగితాన్ని మడిచి, ఇంకా చిన్నగా మడిచి, అతని ఎడమ అరచేతిలో పెట్టింది. అతను పట్టుకోబోయాడు. మిగతా వేళ్లు మూసుకున్నాయి, నడిమివేలు అడ్డంగా నిలబడింది. కాగితం సందులోంచి జారి బల్ల మీద పడింది.

"దీన్ని పిడికిట్ల వట్టుకున్ననాడు నీది," అంది కాగితం తీసుకుంటూ. "అందాక నా దగ్గర్నే ఉంటది." కోటు జేబులో వేసుకుని, అతని వేలు తన చేతిలోకి తీసుకుంది. కసరత్తు ఎట్లా చేయాలో చూపించాలి కదా. కొన పట్టుకుని వంచింది. నొప్పికి అతని పెదవి బిగుసుకుంది. ఆమె ఆపలేదు, అతను ఆపమనలేదు.

తలుపు తెరుచుకుని గట్టయ్య తల లోపలికి వచ్చింది. ఇన్ని కథలు చెప్పిన మనిషి మొహంలో ఈసారి కథ లేదు.

"బిడ్డా, మీ నాయిన ఎన్క బస్సుల వచ్చిండు. కింద మెట్ల కాడ నిలవడ్డడు. నన్ను పైకి రమ్మంటదా, వాపసు పొమ్మంటదా, నా బిడ్డను అడిగి చెప్పు గట్టన్నా అంటున్నడు."

శాలిని కుర్చీలోంచి లేచింది. జేబులోని కాగితం మీద ఒక చెయ్యి. పధ్నాలుగేళ్లుగా రాని ఉత్తరాలన్నీ ఆ మెట్ల కింద నిలబడి ఉన్నాయి. పిలుస్తుందా, పంపించేస్తుందా అని గట్టయ్య చూస్తున్నాడు. ఆమె రెండో చేతిలో మాత్రం భూపాల్ వేలు అట్లాగే ఉంది. వదల్లేదు.